మంచు ఖండపు వాకిట ఒక రోజు

"అంటార్కిటికాలో మీరు పాల్గొన్న మారథాన్ గూర్చి మన పత్రికకు వ్రాయండి" అని సంపాదకులు కోరి చాలా కాలమైంది. వ్రాయడానికి కూర్చున్నప్పుడల్లా నా కలం పరుగు దాకా పోకుండా దానికి ముందు రోజు దగ్గరే ఆగిపోతున్నది. 42 కిలోమీటర్ల 195 మీటర్లు పూర్తి చేసినట్లు ధ్రువపత్రం మా యింటి గోడకు వ్రేలాడుతూనే ఉన్నది. చూడదలచిన మిత్రులు టాటానగర్‌లో రైలు దిగి కదమాకు రావచ్చు, కాఫీ కూడా ఇస్తాము. ఇక్కడ మాత్రం నేను ముచ్చటించదలచినది 2019 మార్చి నెలలో ఓడ మీద గడచిన ఆ ముందు రోజును గూర్చియే. ఆ రోజు నేను ఒక్క అడుగు కూడా పరుగెత్తలేదు. సరిగా నిలబడితే చాలుననిపించిన రోజు అది.

నన్ను ఎరుగనివారి కోసం రెండు మాటలు. మా నాన్నగారు శ్రీకాకుళం జిల్లా నుండి చిన్నతనంలోనే టాటానగర్ చేరి, కంపెనీ కోక్ ఓవెన్లలో పనిచేసి పదవీ విరమణ చేశారు. నేను పుట్టింది, అక్షరాలు దిద్దింది, బిస్టుపూర్ రామమందిరంలో శ్రీరామనవమి పానకం త్రాగి పెరిగింది అంతా ఆ ఊళ్ళోనే. మన సంస్థలో చేరిన తరువాత ఎన్నో ఊళ్ళు తిరిగి, మళ్ళీ టాటానగర్ కార్యాలయానికే తనిఖీ విభాగంలోకి వచ్చి పడ్డాను. నలభై ఏడవ యేట రక్తంలో చక్కెర ఉన్నదని తేలింది. వైద్యుడు నడవమన్నాడు. నడక కొన్నాళ్ళకు పరుగుగా మారింది. తెల్లవారుజామున నాలుగున్నరకు ఇల్లు వదలి, ఖర్కాయి నది ఒడ్డున సోనారీ వైపు సాగి, ఖర్కాయి సువర్ణరేఖలో కలిసే దోముహాని దాకా పోయి తిరిగి రావడం నా నిత్యానుష్ఠానమైంది. సంధ్యావందనం మానినవాడికి అదే సంధ్యావందనమని మా అమ్మ అంటుంది.

అంటార్కిటికా ఊహ నాకు ఎవరో చెప్పగా వచ్చినది కాదు. 2015 ఏప్రిల్‌లో మల్లి మస్తాన్ బాబు మరణవార్త పత్రికలలో చదివాను. నెల్లూరు జిల్లా గాంధీజనసంగం గ్రామంలో పుట్టి, కోరుకొండ సైనిక పాఠశాలలో చదివి, అటుపై మా ఖర్కాయికి అవతలి ఒడ్డున ఆదిత్యపూర్‌లోని ఇంజనీరింగు కళాశాలలో చదువుకున్న తెలుగు బిడ్డ ఆయన. 2006లో 172 రోజులలో ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలనూ ఎక్కారు. అందులో అంటార్కిటికాలోని విన్సన్ శిఖరం కూడా ఉన్నది. తొమ్మిదేళ్ళ తరువాత, మార్చి నెలలోనే, అర్జెంటీనా, చిలీ సరిహద్దులలోని ఆండీస్ పర్వతాలలో ప్రాణాలు విడిచారు. ఆయనను నేను ఏనాడూ చూడలేదు. కాని ఆ వార్త చదివిన రోజున అంటార్కిటికా నాకు పటం అడుగున తెల్లని మరకలాగా కాక, మా నదికి అవతలి ఒడ్డున చదువుకున్న కుర్రవాడు నిలబడి వచ్చిన చోటుగా తోచింది. ఎవరెస్టు ఎక్కిన బచేంద్రీ పాల్ గారూ, ఏడు శిఖరాలూ పూర్తి చేసిన ప్రేమలతా అగర్వాల్ గారూ మా ఊరివారే అన్న సంగతి పాఠకులకు తెలిసే ఉంటుంది. కొండలు ఎక్కే వయసు నాది కాదు. పరుగెత్తగలను కనుక పరుగెత్తే దారి వెదికాను.

దారి దొరికింది గాని దానికి ధర ఉన్నది. ఇక్కడే నేనొక విషయం ఒప్పుకోవాలి. అన్నీ కలిపి ఎనిమిది లక్షల ముప్పై వేలు అయింది. ఇంట్లో చెప్పినది నాలుగు లక్షలు. తక్కిన నాలుగు లక్షల ముప్పై వేలలో కొంత సెలవులు అమ్ముకొని, కొంత ఉద్యోగుల సహకార పరపతి సంఘంలో అప్పు తీసుకొని సర్దాను. వాయిదాలు మూడేళ్ళ పాటు జీతంలో కోత. మేడ మీద రెండు గదులు వేయాలని, అమ్మాయి పెళ్ళినాటికి అవి పూర్తి కావాలని మా ఆవిడ కోరిక. అప్పు చేయవలసి వస్తే ఆ గదుల కోసం చేయాలని మేమిద్దరమూ ఎప్పుడో అనుకున్నాము. ముప్పై యేళ్ళు ఇతరుల సరుకులో లోపాలు పట్టి నివేదికలు వ్రాసినవాణ్ణి, నా నివేదికలో నేనే అంకె మార్చాను.

అనుమతి పత్రం సంగతి కూడా చెప్పకుండా ఉండలేను. విదేశ ప్రయాణానికి నిరభ్యంతర పత్రం కోరుతూ దరఖాస్తు నింపుతుంటే 'ప్రయాణోద్దేశము' అన్న గడి వచ్చింది. బంధువులను చూడడం, తీర్థయాత్ర, వైద్యం, ఇతరములు. 'ఇతరములు' దగ్గర గీత గీసి 'పరుగు' అని వ్రాశాను. ఆ కాగితం మూడు బల్లల మీదుగా పోయి నా దగ్గరకే తిరిగి వచ్చింది, "ఎవరి నుండి?" అన్న ప్రశ్నతో. ఆ ప్రశ్న వ్రాసిన మిత్రుడికి ఇప్పటికీ రుణపడి ఉన్నాను. ఓడ మీద చాలా సార్లు అది జ్ఞప్తికి వచ్చి నవ్వుకున్నాను.

అర్జెంటీనా దక్షిణపు కొసన ఉన్న ఉషువాయా రేవులో ఓడ ఎక్కాము. బీగిల్ జలమార్గం దాటగానే డ్రేక్ జలసంధి మొదలవుతుంది. దక్షిణ అమెరికా కొస నుండి దక్షిణ షెట్లాండ్ దీవుల దాకా సుమారు 800 కిలోమీటర్ల సముద్రం. భూగోళం చుట్టూ అడ్డుకొనే నేల లేక ఆ అక్షాంశాలలో గాలీ, కెరటమూ తిరుగుతూనే ఉంటాయి. మొదటి పగలు ఎలా గడచిందో నాకు జ్ఞాపకం లేదు. పడక, ఆ పడక ప్రక్కన కాగితపు సంచీ, అంతే.

రెండవ రోజు ఉదయం ఆరింటికి మెలకువ వచ్చింది. నా గదిలో నాతో ఉన్నాయన బ్రెజిల్ దేశపు దంతవైద్యుడు. ఆయనకు ఇంగ్లీషు కొద్దిగా వచ్చు, నాకు పోర్చుగీసు అసలు రాదు. చెవి వెనుక అంటించుకొనే మందు బిళ్ళ ఒకటి ఆయనే నాకిచ్చి ప్రాణం నిలబెట్టాడు. స్నానాల గదిలో ఒక చేత్తో గోడకున్న పిడిని పట్టుకొని, ఒక చేత్తో పళ్ళు తోముకోవాలి. "ఎప్పుడూ ఒక చేయి ఓడకు ఇచ్చి ఉంచండి" అని ఓడవారు మొదటి రోజే చెప్పారు. నడవాలలో పట్టుగొమ్మల వెంబడి, వాంతికి వాడే సంచులు మన ఊళ్ళో మామిడాకుల తోరణాల్లాగా గుచ్చి ఉన్నాయి.

ఫలాహారశాలలో బల్లల మీద గుడ్డను నీళ్ళతో తడిపి పరిచారు, పళ్ళాలు జారిపోకుండా. అయినా నా ఎదుటి గ్లాసు మెల్లగా బయలుదేరి అవతలి కొసన కూర్చున్న జపాను దంపతుల దగ్గర ఆగింది. వారు దానిని లేచి వచ్చి, వంగి నమస్కరించి మరీ నాకు తిరిగి ఇచ్చారు. రొట్టెలో మా అమ్మ కట్టి యిచ్చిన కారప్పొడి చల్లుకొని రెండు ముక్కలు తిన్నాను. ముప్పై గంటల తరువాత కడుపులో నిలిచిన మొదటి ఆహారం అది.

"మీ ఊరేది?" అని ఎవరైనా అడిగితే "టాటానగర్" అనే అంటాను. పటంలో వెదికినవారికి జంషెడ్‌పూర్ కనిపిస్తుంది, నేను అబద్ధమాడానని అనుకుంటారు. సాక్చి అనే పల్లె జంషెడ్‌పూర్ అయిందనీ, కాలీమాటి స్టేషను టాటానగర్ అయిందనీ, రెండూ 1919లోనే జరిగాయనీ, రైలు దిగి వచ్చిన మా పెద్దలు స్టేషను పేరునే ఊరి పేరుగా పట్టుకొన్నారనీ ఆ బల్ల దగ్గర వివరించవలసి వచ్చింది. విన్న కెనడా దేశపు పెద్దావిడ ఒకరు, "మరి అక్కడ మంచు పడుతుందా?" అన్నారు. మే నెలలో 44 డిగ్రీలు ఉంటుందన్నాను. చలికి అలవాటు పడడం కోసం ఊరి శివారున బంగాళాదుంపల శీతల గిడ్డంగి యజమానిని బ్రతిమాలి, బస్తాల వరుసల మధ్య వారానికి రెండు రోజులు అటూ ఇటూ పరుగెత్తానని కూడా చెప్పాను. ఆవిడ నమ్మారో లేదో తెలియదు. మా కార్యాలయంలో కూడా ఇద్దరు తప్ప ఎవరూ నమ్మలేదు.

ఎనిమిదింటికి పై అంతస్తుకు వెళ్ళి రెండు చేతులా కటకటాలు పట్టుకొని నిలబడ్డాను. రాత్రికి రాత్రి గాలి మారిపోయింది. ఉత్తరం నుండి వచ్చే గోరువెచ్చని నీరూ, దక్షిణం నుండి వచ్చే చల్లని నీరూ కలిసే రేఖను దాటామని, సముద్రపు ఉష్ణోగ్రత కొద్ది గంటలలోనే నాలుగు డిగ్రీలు పడిపోయిందని చెప్పారు. పొగమంచు కమ్మింది. అందులో నుండి ఆల్బట్రాస్ పక్షి ఒకటి వచ్చింది. రెక్కలు చాపితే మూడు మీటర్లకు పైగా ఉండే పక్షి. అరగంట సేపు చూశాను. ఒక్కసారి కూడా రెక్క ఆడించలేదు. కెరటం వాలున దిగి, మళ్ళీ గాలి మీద లేచి, ఓడను చుట్టి వస్తున్నది. మేము ఎంతో ఖర్చుతో, ఎన్నో మాత్రలతో చేస్తున్న ప్రయాణం దానికి వీధి చివరి దాకా వెళ్ళి రావడంలాగా ఉన్నది.

పదింటికి భూగర్భ శాస్త్రవేత్త ఒకరు ఉపన్యసించారు. ముప్పై యేళ్ళు దాటని అమ్మాయి. కుర్చీలు నేలకు బిగించి ఉన్నాయి కాని ఆమె మాత్రం ఒక స్తంభాన్ని కౌగలించుకొని మాట్లాడింది. భారతదేశపు తూర్పు తీరమూ, అంటార్కిటికా తూర్పు భాగమూ ఒకప్పుడు అతుక్కొని ఉన్న నేలలేనట. మన తూర్పు కనుమల రాళ్ళకు జోడు రాళ్ళు అక్కడి మంచు క్రింద ఉన్నాయట. గోండుల దేశం పేర గోండ్వానా అని పిలిచే ఆ మహాఖండంలో గ్లోసోప్టెరిస్ అనే చెట్టు విస్తారంగా పెరిగేది. దాని ఆకు నాలుక ఆకారంలో ఉంటుంది. తెర మీద ఆ ఆకు ముద్ర ఉన్న రాయిని చూపించగానే నేను కూర్చున్నచోటు నుండి లేచాను, ఓడ ఊపుకు మళ్ళీ కూలబడ్డాను.

ఆ ఆకును నేను ఎరుగుదును. మా చిన్నప్పుడు నాన్నగారు ఝరియా బొగ్గుతో వచ్చిన పలక రాయి ముక్క ఒకటి ఇంటికి తెచ్చారు. నల్లని రాయి మీద నాలుక లాంటి ఆకు, నడుమ ఈనె, పక్కలకు వలలాంటి సన్నని గీతలు. చాలా యేళ్ళు అది మా దేవుడి గూటి ప్రక్కన ఉండేది. క్వార్టరు ఖాళీ చేసినప్పుడు ఎక్కడో పోయింది. ఝరియా బొగ్గు పాతిక ముప్పై కోట్ల సంవత్సరాల నాటి ఆ అడవులదేనని ఇంజనీరింగు చదివినవాడిగా నాకు తెలుసు. నాన్నగారు జీవితమంతా ఓవెన్లలో కాల్చి కోక్ చేసినది ఆ ఆకులనేనని మాత్రం అంతవరకు తోచలేదు.

ఆమె ఇంకొక సంగతి చెప్పింది. 1912లో దక్షిణ ధ్రువం చేరి తిరుగుముఖం పట్టిన కెప్టెన్ స్కాట్ బృందం, ఆకలితో, మంచుకాటుతో ఉండి కూడా ఫిబ్రవరి 8వ తేదీన బియర్డ్‌మోర్ హిమానీనదం దగ్గర ఆగి రాళ్ళు ఏరుకున్నది. ఆ యేడు నవంబరులో వారి దేహాలు దొరికినప్పుడు ఆ రాళ్ళు కూడా వాటితో ఉన్నాయి, 35 పౌండ్లు, అంటే సుమారు 16 కిలోలు. వాటిలో ఈ ఆకు ముద్రలు ఉన్నాయి. ప్రాణం పోతున్నా ఆ బరువు దించలేదు. నేను మనసులో తేదీలు లెక్క వేసుకున్నాను. మా ఊరి కర్మాగారంలో మొదటి ఉక్కు కడ్డీ పోత పోసినది 1912 ఫిబ్రవరి 16వ తేదీ. మధ్య ఎనిమిది రోజులు. ఉపన్యాసం అయిన తరువాత ఆ అమ్మాయి దగ్గరకు పోయి ఈ సంగతి చెబితే పుస్తకంలో వ్రాసుకున్నది. "మీ నాన్నగారు ఆ రాయిని ఎందుకు ఇంటికి తెచ్చారు?" అని అడిగింది. నేను నాన్నగారిని ఏనాడూ అడగలేదు.

మధ్యాహ్నం పన్నెండు దాటాక గంట మ్రోగించి, 60 డిగ్రీల దక్షిణ అక్షాంశం దాటుతున్నామని ప్రకటించారు. అక్కడ నుండి అంటార్కిటికా ఒడంబడిక పరిధి. 1959 డిసెంబరు 1న పన్నెండు దేశాలు సంతకాలు చేసిన ఒడంబడిక. 1983లో మన దేశమూ అందులో చేరింది. ఆ ప్రాంతమంతా శాంతికీ, పరిశోధనకే. 1991లో కుదిరిన మరొక ఒప్పందం ప్రకారం అక్కడ ఖనిజాలు త్రవ్వడం నిషిద్ధం. బొగ్గు ఉన్నా త్రవ్వరాదు. నోవాముండి ఇనుప రాయి మీద, ఝరియా బొగ్గు మీద బ్రతికిన ఊరివాణ్ణి. త్రవ్వకుండా వదిలిపెట్టడమనే ఆలోచన ముందు నాకు కొరుకుడు పడలేదు. భోజనాల దగ్గర దానిని గూర్చి ఒక జర్మన్ ఇంజనీరుతో గంట సేపు వాదించాను. ఇప్పుడైతే వాదించను.

రెండింటికి అందరినీ సామానుతో సహా క్రింది హాలుకు పిలిచారు. ఆ రోజంతటిలోకీ నా మనసులో నాటుకొన్న ఘట్టం అదే. ఒడ్డున దిగేటప్పుడు మనతో బయటి నేల విత్తనం గాని, మట్టి గాని, పురుగు గాని పోరాదు. బూట్లు, మేజోళ్ళు, చేతి తొడుగులు, సంచుల మూలలు, జేబులు అన్నీ వాక్యూమ్ క్లీనరుతో పీల్చి, బ్రష్షుతో రుద్ది, పట్టకారుతో వెదికి శుభ్రం చేయాలి. బూట్ల అడుగు భాగం మందు నీళ్ళలో ముంచాలి. కాగితంలో చుట్టిన తినుబండారం ఏదీ ఒడ్డుకు తీసుకుపోరాదు; గాలికి కాగితం ఎగిరిపోతే పట్టుకొనేవాడు లేడు. త్రాగే నీళ్ళ సీసాల మీద పేరు వ్రాసి ముందుగానే ఇచ్చివేయాలి. పెంగ్విన్లకు అయిదు మీటర్ల దూరంలో ఉండాలి, అది మన దారికి అడ్డు వస్తే మనమే ఆగాలి. ఒకేసారి వంద మందికి మించి ఒక చోట దిగరాదు.

తనిఖీ చేసే అమ్మాయి నా సామాను ముందు మోకాళ్ళ మీద కూర్చున్నది. నేను ఎదురుగా చేతులు కట్టుకొని నిలబడ్డాను. ముప్పై యేళ్ళుగా నేను వంగి చూస్తుంటే సరుకు యజమానులు ఎలా నిలబడేవారో అలాగే నిలబడ్డాను. వారి ముఖాలలో కనిపించే ఆ వెర్రి నవ్వు నా ముఖంలోకి కూడా వచ్చినట్లు నాకే తెలిసింది. బూట్లు సరే అన్నది. సంచీ సరే అన్నది. గాలి కోటు చేతి మడతకున్న వెల్‌క్రో పట్టీని విప్పి, దీపం దగ్గర పెట్టి, పట్టకారుతో ఏదో లాగింది. అరచేతిలో పెట్టి చూపించింది.

ఉత్తరేణి గింజ. వినాయక చవితి పత్రిలో మనం వాడే ఉత్తరేణియే. ఖర్కాయి ఒడ్డున దారి పొడుగునా ఉంటుంది. పంచెకు, చీర కుచ్చెళ్ళకు, పరుగెత్తేవాడి మేజోళ్ళకు పట్టుకొని ఇంటి దాకా వస్తుంది. మా ఆవిడ ప్రతి ఆదివారమూ మా మేజోళ్ళను ఒడిలో పెట్టుకొని ఆ గింజలు ఏరుతుంది. కోటు మాత్రం నేనే శుభ్రం చేసుకుంటానని ఆమె చేతికి ఇవ్వలేదు. దాని లోపలి జేబులో పరపతి సంఘం వారి అప్పు కాగితం ఉన్నది మరి.

"ఇది ఏమి మొక్క?" అని ఆ అమ్మాయి అడిగితే, "మా దేశంలో దీనితో దేవుణ్ణి పూజిస్తాము" అన్నాను. "అయితే ఇది ఇక్కడే ఉండాలి" అని చిన్న డబ్బాలో వేసి మూత పెట్టింది. తరువాత లోపలి జేబు తిరగవేయమన్నది. తిరగవేశాను. నాలుగు మడతల కాగితం క్రింద పడింది. తీసి నా చేతికిచ్చి, "కాగితాలు గదిలో వదిలి రండి" అన్నది మర్యాదగా. తెలుగు చదవలేని ఆ పిల్ల ముందు నా చెవులు ఎందుకు వేడెక్కాలి? వేడెక్కాయి.

నాలుగు గంటలకు మొదటి మంచుకొండ కనిపించింది. ఎవరో కేక వేయగానే అందరూ కెమెరాలతో ఒక వైపుకు పరుగెత్తారు. దూరం నుండి అది తెల్లని గోడలాగా కనిపించింది. దగ్గరవుతున్న కొద్దీ దాని పగుళ్ళలో నీలం రంగు బయటపడింది. వెలుగు ఎక్కడ నుండి వస్తున్నదో అర్థం కాని నీలం. నేను ఎక్కువ సేపు చూడలేదు. కాగితం చేతిలోనే ఉన్నది, గాలికి ఎగిరిపోతుందేమోనని లోపలికి వచ్చేశాను.

రాత్రి భోజనాల ముందు యాత్రా నాయకుడు మర్నాటి వాతావరణం చెప్పాడు. మేము పరుగెత్తవలసినది కింగ్ జార్జ్ దీవిలో, రష్యావారి బెల్లింగ్స్‌హౌసెన్, చిలీవారి ఫ్రే, చైనావారి మహాప్రాకారం అనే పేరు గల కేంద్రం, ఉరుగ్వేవారి ఆర్టిగాస్, ఈ పరిశోధన కేంద్రాలను కలిపే కంకర బాట మీద. ఉష్ణోగ్రతతో బాధ లేదు, సున్నాకు కొద్దిగా దిగువన. చిక్కంతా గాలితోనే. గాలి ఇప్పుడున్నట్లే ఉంటే రబ్బరు పడవలు దించడం సాధ్యం కాదు. ఉదయం అయిదింటికి నిర్ణయిస్తాము అన్నాడు.

మా బల్ల దగ్గర, ఈ పరుగుల చరిత్ర అంతా కంఠతా వచ్చిన అమెరికా పెద్దమనిషి ఒకరు ఉన్నారు. 1995లో ఈ పరుగు మొదలైందట. 2001లో వచ్చినవారికి రోజుల తరబడి గాలి తగ్గక ఒడ్డుకు చేరడమే కుదరలేదు. చివరకు ఓడ డెక్కు మీదనే చుట్టూ తిరుగుతూ మారథాన్ పూర్తి చేశారు. 422 చుట్లు! అందరూ చప్పట్లు కొట్టి నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఎనిమిది లక్షల ముప్పై వేలు పోసి డెక్కు మీద 422 చుట్లు. గుడిలో ప్రదక్షిణలైతే ఉచితం. మేడ మీద గదులు లేకపోతే పోనీ, ఆ మేడ మీదనే చుట్లు తిరిగి ఉండవచ్చును. ఆ మాట మా ఆవిడ అంటున్నట్లే చెవిలో వినిపించింది. నిజానికి ఆమె ఎప్పుడూ అలా అనదు. అనదని తెలిసినందువల్లనే భయం.

భోజనం కాగానే పై అంతస్తుకు పోయి ఉపగ్రహ టెలిఫోను అడిగాను. ఓడలో తొమ్మిది గంటలు; టాటానగర్‌లో తెల్లవారి అయిదున్నర. మామూలు రోజులలో నేను దోముహాని నుండి తిరుగుముఖం పట్టే వేళ. మా అమ్మే తీసింది. ఎనభై రెండేళ్ళ మనిషి, ఫోను మ్రోగితే అందరికన్నా ముందు పరుగెత్తుతుంది.

"ఒరే నాన్నా, అన్నం తింటున్నావా?"

తింటున్నానన్నాను.

"అక్కడ గుడి ఉందట్రా?"

గుడి లేదమ్మా, రష్యావాళ్ళు చెక్కతో కట్టుకున్న చర్చి ఒకటి ఉందిట అన్నాను.

"ఏదో ఒకటి ఉంది కదా, ఫరవాలేదు" అని ఆవిడ ఫోను కోడలికి ఇచ్చింది.

నా మాట అక్కడకు చేరడానికీ, ఆమె మాట ఇక్కడకు రావడానికీ నడుమ ఒక క్షణం ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీలోనే ధైర్యం చెదిరిపోతుందని, చెప్పదలచినదంతా గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను. నాలుగు కాదు, ఎనిమిది లక్షల ముప్పై వేలు. సొసైటీలో అప్పు. మూడేళ్ళ కోత. కాగితం కోటు జేబులో ఉన్నది. గదుల డబ్బు సంగతి తెలిసే చేశాను.

అవతల నుండి మాట లేదు. లైను తెగిందనుకున్నాను. వెనుక పాలవాడి సైకిలు గంట వినిపించింది కనుక తెగలేదని తెలిసింది.

"ఏమండీ, ఈ ఫోనుకు నిమిషానికి ఎంత?" అన్నది.

చెప్పాను.

"అయితే పెట్టేయండి. రేపు జాగ్రత్తగా పరుగెత్తండి. మిగతాది ఇంటికి వచ్చాక మాట్లాడుకుందాం."

ఆ 'మిగతాది' ఏమై ఉంటుందా అని ఆ రాత్రి ఎంత ఆలోచించానో చెప్పలేను. దానిని గూర్చి ఇంటికి వెళ్ళాక మేము నిజంగానే మాట్లాడుకున్నాము, అది ఈ పత్రికకు వ్రాసేది కాదు. మేడ మీద గదులలో ఒకటి వేశాము, రెండవది ఇంకా స్తంభాల దశలోనే ఉన్నది.

గదికి వచ్చేసరికి దంతవైద్యుడు మర్నాటి బట్టలన్నీ నేల మీద మనిషి ఆకారంలో పరచుకొని, వాటి ప్రక్కన తాను కూడా పడుకొని ఉన్నాడు; పడక మీద నుండి పడిపోవడం కన్నా అదే నయమట. నేను అప్పు కాగితాన్ని సొరుగులో పెట్టి మూశాను. ఓడ ఊగిసలాట కొంత తగ్గినట్లు అనిపించింది. అది నిజంగా తగ్గడమో, నాకు అలవాటు పడడమో తెలియలేదు. గాలి చప్పుడు వింటూ ఎప్పుడో నిద్రపోయాను.

అయిదింటికి గోడలోని స్పీకరు గరగరలాడింది. గాలి తగ్గింది, పడవలు దించుతున్నాము, మొదటి జట్టు ఆరున్నరకు సిద్ధం కావాలి అన్నారు. అయిదు పొరల బట్టలు వేసుకొని క్రిందికి దిగాను. ఓడ వదలి వెళ్ళే చోట గోడకు ఒక పలక ఉన్నది. దాని మీద ప్రతివారికీ ఒక సంఖ్య గల బిళ్ళ. దిగేవారు తమ బిళ్ళను త్రిప్పి పోవాలి, తిరిగి వచ్చినవారు మళ్ళీ త్రిప్పాలి. ఎవరు ఓడలో ఉన్నారో, ఎవరు ఒడ్డున ఉన్నారో దానితో తెలుస్తుంది. మా నాన్నగారికి కూడా కర్మాగారంలో ఇటువంటి బిళ్ళే ఉండేది, ఇత్తడిది. షిఫ్టుకు పోయేటప్పుడు చొక్కా జేబులో వేసుకొని, పైనుండి ఒకసారి తడిమి చూసుకొని గడప దాటేవారు. నా బిళ్ళ 57. దానిని త్రిప్పి, బూట్లు మరొకసారి మందు నీళ్ళలో ముంచి, పడవలోకి దిగాను.